విశాఖ మధురవాడలో 8 పోర్షన్ల బిల్డింగ్: ఈ లెక్క సరిచూడగలరా?

మొత్తం బిల్డింగ్‌కి 2.40 కోట్లు చెబుతున్నారు. స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ 7.5 శాతం, అంటే ఇంకో 18 లక్షలు.

పోర్షన్‌కి 13 వేల చొప్పున ఏడాదికి 12.48 లక్షల అద్దె. బ్రోకర్ లెక్క ఇక్కడే ఆగిపోయింది: ధర మీద 5.2 శాతం రాబడట! పోర్షన్‌కి ఏటా ఒక నెల ఖాళీ అనుకుంటే 11.44 లక్షలు. వాచ్‌మన్‌కి 96 వేలు, ఇంటి పన్ను 40, మోటారు కరెంటు 36, లిఫ్ట్ సర్వీసు 30, రిపేర్లకు 42 వేలు పోతే మిగిలేది 9 లక్షలు. పెట్టే 2.58 కోట్ల మీద మూడున్నర శాతం కూడా నిండదు. కోటిన్నర లోను 9 శాతానికి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ 1.35 లక్షలు; నెలకు 60 వేలు చేతి నుంచే కట్టాలి.

బాల్కనీ స్లాబు కింద పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము కనబడుతోంది. ఉప్పుగాలికి ఇది ఒకచోట ఆగదు కదా, రిపేర్లకు 42 వేలు ఏమూలకి? పైగా చివరి అంతస్తులోని 2 పోర్షన్లు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ప్లాన్‌లో లేవు. వాటి నెల అద్దె 26 వేలను బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుందా? అవి తీసేసి బేరమాడితే ఎంత దగ్గర ఆగాలంటారు?