నాన్నగారి కలంకారీ సైటు: చూసేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు

స్వర్ణముఖి_ఒడ్డు
మాది శ్రీకాళహస్తి. నాన్నగారు నలభై ఏళ్లుగా కలంకారీ వేస్తున్నారు. రెండేళ్ల కిందట తమ్ముడు సైటు కట్టించాడు. రోజుకు ముప్పై నలభై మంది చూస్తున్నట్టు లెక్క చూపిస్తోంది, ఫోను మాత్రం మోగదు. ఈ ఏడాది సైటు ద్వారా అమ్ముడైనవి మూడు, అందులో ఒకటి మా మేనత్త కొన్నది. తెరవగానే గణపతి బొమ్మ తిరుగుతుంది, ఆ కింద సన్మానాల ఫొటోలు, వాటి కింద బొమ్మలు. ధర దగ్గర ‘సంప్రదించండి’ అని పెట్టాం. ఏం మార్చాలి? కార్డు చెల్లింపు పెట్టించాలా? ఇంగ్లీషులో కూడా రాయించాలా? విదేశాలకు పంపడం ఎలా? లంకె నా పరిచయంలో ఉంది.

పాత_కుంచె
ముందు ఆ ‘సంప్రదించండి’ తీసేయండి. నేనూ ఐదేళ్లు అదే రాసుకుని కూర్చున్నాను. ధర అడిగి, విని, వద్దని చెప్పడానికి మనవాళ్లకు మొహమాటం. అందుకని అడగకుండానే వెళ్లిపోతారు. ధర రాశాక నాకు ఫోన్లు తగ్గాయి గానీ, చేసినవాళ్లు కొన్నారు.
ఇంకొకటి. దొంగతనం భయంతో ఫొటోల మీద ముద్ర వేసుకున్నారు, అర్థమైంది. కానీ పట్టాభిషేకం బొమ్మలో సరిగ్గా సీతమ్మ ముఖం మీద మీ ఫోను నంబరు పడింది. ఒకసారి చూసుకోండి.

కరక్కాయ
పాత కుంచె గారు నూనె రంగుల మనిషి, వారికేం, ఎన్నయినా చెబుతారు. మా వీధి సంగతి వేరు. నేను పోయినేడు ధర రాస్తే, అదే దశావతారాల బొమ్మను ఐదు వందలు తగ్గించి పక్కవాళ్లు పెట్టారు. ధర రాయకండి.

పెడన_పిల్లవాడు
అసలు సమస్య ధర కాదు. మీ సైటు నిండా ‘కలంకారీ’ అన్న ఒక్క మాటే ఉంది. అలా వెతికేవాళ్లలో సగం మందికి కావలసింది మా పెడన అచ్చు బట్ట, జాకెట్టుకో కుర్తాకో మీటర్ల లెక్కన. మీ దగ్గర తేలి, గోడ బొమ్మలు చూసి వెనక్కి పోతున్నారు. ‘చేతితో గీసిన గోడ బొమ్మ, సహజ రంగులు’ అని పేరులోనే చెప్పండి.

కరక్కాయ
అచ్చు గుద్దినదాన్ని కలంకారీ అనడం వల్లే కదా ఈ తిప్పలు. కలం లేని కారీ ఏమిటి?

పెడన_పిల్లవాడు
మాట జాగ్రత్త. మా తాత చెక్కిన టేకు అచ్చులు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. రంగుకొక అచ్చు, వెంట్రుకవాసి తేడా వస్తే బట్ట పారేయాల్సిందే. మీరు వాడే కరక్కాయే, మీరు వాడే పటికే. రెండింటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఇచ్చింది ప్రభుత్వం, నేను కాదు. మీ పొట్టా మా పొట్టా కొడుతున్నది మిల్లులో స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ చీర అని అమ్మేవాళ్లు. వాళ్లను అనండి, దమ్ముంటే.

కరక్కాయ
దమ్ము గురించి నాకు చెప్పకండి. బట్టను కరక్కాయ, గేదె పాలల్లో ముంచడం దగ్గర నుంచి ఎన్నిసార్లు ఉతుకుతామో, ఏట్లో నీళ్లు లేనప్పుడు ఎక్కడికి మోసుకెళతామో తెలుసా మీకు?

పాత_కుంచె
కరక్కాయ గారూ, ఇదే ఆ అమ్మాయి సైటులో రాయాలి. సన్మానాల శాలువాలు చూసి ఎవరూ డబ్బు తీయరు. పాలు ఎందుకంటే రంగు పాకకుండా అని, గీతకు చింత బొగ్గు అని, ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి రోజుల తరబడి పులియబెడితే కసిం అనే రంగు వస్తుందని, ఇవి ఎన్ని ఇళ్లల్లో తెలుసు? కరక్కాయ పట్టిన బట్ట మీద కసిం గీత పడుతూనే నల్లబడుతుంది చూడండి, అది అర నిమిషం వీడియో తీసి ధర పక్కనే పెట్టండి.

కోడ్_కోటయ్య
పద్దెనిమిదేళ్లుగా సైట్లు కడుతున్నాను కాబట్టి చెబుతున్నాను. లంకె తెరిచాను. నా ఫోనులో గణపతి తిరగడం అయ్యేసరికి పదకొండు సెకన్లు. ఒక్కో ఫొటో కెమెరాలోంచి తీసింది తీసినట్టే ఎక్కించారు. ఇది బాగుచేస్తే బాగుపడేది కాదు. మొత్తం తీసేసి, కొత్త పద్ధతిలో మొదటి నుంచి కట్టించాలి. ఇక్కడ ఎవరికీ ఈ విషయం తట్టకపోవడం ఆశ్చర్యం.

పాత_కుంచె
ఆమె అడిగింది కొట్టు సర్దుకోవడం గురించి, మీరు ఇల్లు కూల్చమంటున్నారు. ఫొటోలు చిన్నవి చేసుకుని ఆ గణపతిని ఒకచోట కూర్చోబెడితే చాలదా?

కోడ్_కోటయ్య
చాలదు. తెలియని విషయంలో తలదూర్చకండి.

డల్లాస్_పిన్ని
అమ్మాయ్, కొనేదాన్ని నేను, నా మాట విను. ఇలాంటి సైటులోనే ఒకసారి కృష్ణుడి బొమ్మ తెప్పించుకున్నాను. సోఫా వెనక గోడంతా నిండుతుందనుకున్నాను. విప్పితే దిండు గలేబు అంత ఉంది. కొలత ఎక్కడో మూల సెంటీమీటర్లలో రాశారట. పక్కన మనిషిని నిలబెట్టి ఫొటో తీయండి, అడుగుల్లో రాయండి.
ఇక్కడికి పంపేటప్పుడు ఇంకో తంటా. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. అప్పుడు మన తపాలా శాఖ కూడా కొన్నాళ్లు మామూలు పార్సిళ్లు తీసుకోలేదు. సుంకం మీరు కడతారా, మేము కట్టాలా అన్నది ముందే రాసిపెట్టండి. గుమ్మంలో తెలిస్తే ఒళ్లు మండుతుంది.

పెడన_పిల్లవాడు
కరక్కాయ గారి నుంచి ఇంకా జవాబు రాలేదు, స్క్రీన్ ప్రింట్ గురించి.

స్వర్ణముఖి_ఒడ్డు
మూడు వారాలైంది, చెబుదామని వచ్చాను. గణపతి తిరగడం ఆపాం, ఫొటోలు కుదించాం. శాలువాలన్నీ చివరి పేజీకి పోయాయి. వసారాలో పొద్దుటి వెలుతురులో, పక్కన అమ్మను నిలబెట్టి అన్నీ మళ్లీ తీశాను. ‘ఐదడుగులు, మూడడుగులు, 14,500 రూపాయలు’ అని రాస్తే నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు, రాముడికి వెల కట్టావని. నిన్న హైదరాబాదు నుంచి ఒకరు ఫోన్ చేశారు. ధర అడగలేదు. ఎన్ని రోజుల్లో పంపుతారని అడిగారు.
కార్డు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

పాత_కుంచె
ఇక్కడివాళ్లకు యూపీఐ చాలు. విదేశాల నుంచి నాలుగు ఆర్డర్లు వచ్చాక కార్డు పెట్టించుకోండి, అందులో కార్డు కంపెనీవాళ్ల కోత ఉంటుంది.

డల్లాస్_పిన్ని
అవునమ్మా, నా కృష్ణుడి దగ్గర ఇంకా పాల వాసన వస్తోంది. ఎలా పోతుంది?

స్వర్ణముఖి_ఒడ్డు
నాలుగు రోజులు నీడలో గాలికి ఆరేయండి పిన్నిగారూ, ఎండ తగలనివ్వకండి.

డల్లాస్_పిన్ని
మా కాలనీలో బయట బట్టలు ఆరేస్తే జరిమానా వేస్తారు.