డైఐరన్ ట్రైసల్ఫేట్ అంటే తప్పెందుకు?

ఇంటర్_ఎంపీసీ:
ఎఫ్ఈ2(ఎస్ఓ4)3 కి డైఐరన్ ట్రైసల్ఫేట్ అని రాస్తే కొట్టేశారు. ఎన్2ఓ5 డైనైట్రోజన్ పెంటాక్సైడ్ అయినప్పుడు ఇదెందుకు కాదు? సీయూ2ఓ కి కాపర్ టూ ఆక్సైడ్ అన్నా తప్పేనట. కింద 2 ఉంది కదా సార్?

గుంపు_17:
డై, ట్రై అనేవి అలోహం, అలోహం కలిసినప్పుడు. ఇక్కడ ఐరన్ లోహం. దాని పేరులో పరమాణువులెన్నో చెప్పరు, ఒక్కోదాని మీద ఆవేశం ఎంతో చెప్తారు. ఆ ఆవేశాన్ని రెండో భాగం నుంచి లాగాలి. సల్ఫేట్ ఒక్కోటి మైనస్ 2, మూడు కలిస్తే మైనస్ 6. రెండు ఐరన్లు పంచుకుంటే తలా ప్లస్ 3. అంటే ఐరన్ త్రీ సల్ఫేట్. రాసేటప్పుడు ఆ మూడు రోమన్ అంకెలో, బ్రాకెట్లో, ఐరన్‌కి ఆనించి వేయాలి.

సీయూ2ఓ లో ఆక్సైడ్ మైనస్ 2, కాపర్లు రెండు, తలా 1. కాపర్ వన్ ఆక్సైడ్, ఎర్రటి పొడి. నువ్వు రాసిన పేరు నల్లటి సీయూఓ ది.

ఫార్ములా రాసేటప్పుడు ఒకదాని ఆవేశాన్ని రెండోదాని కింద అంకెగా వేయడాన్ని క్రిస్‌క్రాస్ అంటారు. చాలామంది దాన్ని వెనక్కి తిప్పి ఆవేశం పట్టేద్దామనుకుంటారు. ఎఫ్ఈఓ దగ్గర బోల్తా పడతారు: అక్కడ 2, 2 కొట్టుడుపోయాయి కాబట్టి కింద ఏ అంకే కనపడదు, ఐరన్ మాత్రం ప్లస్ 2.

సోడియం, కాల్షియం, అల్యూమినియం, జింకులకు అంకె అక్కర్లేదు. వాటికి ఒకటే ఆవేశం.

మైలుతుత్తం:
పాత పేర్లతో ఇంకో చిక్కు. ఫెర్రస్ అంటే ఐరన్ ప్లస్ 2, క్యూప్రస్ అంటే కాపర్ ప్లస్ 1. 'అస్' అంటే రెండిట్లో తక్కువది అనే, ఫలానా అంకె అని కాదు. రైతులు కొనే అన్నభేది ఫెర్రస్ సల్ఫేటే, 7 నీటి అణువులతో. కాబట్టి పూర్తి పేరులో చివర హెప్టాహైడ్రేట్ రావాలి. నీళ్ల దగ్గర మాత్రం లెక్క చెప్పాల్సిందే.

సల్ఫైట్, సల్ఫేట్ రెండూ మైనస్ 2. తారుమారు చేసినా ఆవేశాల లెక్క సరిపోతుంది, తప్పు బయటపడదు. ఎస్ఓ3, ఎస్ఓ4 బట్టీ పట్టక తప్పదు.

ఇంటర్_ఎంపీసీ:
అర్థమైంది. పీబీఓ2 లెడ్ ఫోర్ ఆక్సైడ్ కదా, మరి బీఏఓ2 బేరియం ఫోర్ ఆక్సైడా?

గుంపు_17:
కాదు. బేరియం రెండో గ్రూపు, ప్లస్ 2 దాటదు. కాబట్టి ఆ ఓ2 జంటగా మైనస్ 2, అంటే పెరాక్సైడ్. అది బేరియం పెరాక్సైడ్. లెడ్‌కి 2, 4 రెండూ ఉన్నాయి కనుక అక్కడ ఫోర్ చెల్లింది.