పాత తెరచాప పడవలో బిగుసుకుపోయిన ఇంజిన్ లివర్

ప్రశ్న: 1970ల నాటి మా తెరచాప పడవలో గేరుకూ థ్రాటిల్‌కూ కలిపి ఉన్న లివర్ అసలు కదలడం లేదు. విరగకుండా ఊడదీయడం ఎలాగో దయచేసి తెలుపగలరు.

జవాబు: ముందుగా లివర్ వైపు కేబుళ్లు రెండూ విడదీసి చూడండి, అప్పుడు లివర్ కదిలితే లోపం లివర్‌ది కాదు, కేబుల్‌లోనో ఇంజిన్ వైపునో ఉన్నట్టు. తుప్పుపట్టిన కేబుల్‌ను మార్చేయడమే మేలు, ఎందుకంటే రేవులో పడవకు రివర్స్ గేరే బ్రేకు.

మరో జవాబు: అప్పటికీ కదలకపోతే, అల్యూమినియం పిడిలోని స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ ఉప్పునీటికి పట్టేసి ఉండవచ్చు, దాని చుట్టూ తెల్లని పొడి కనిపిస్తుంది. తుప్పు వదిలించే నూనెలో రాత్రంతా నాననిచ్చి, నూనెను పూర్తిగా తుడిచిన తరువాత హీట్ గన్‌తో వేడిచేస్తే, అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచించి పట్టు వదులుతుంది. సుత్తితో మాత్రం కొట్టకండి, పోత లోహం పగులుతుంది.

ఇంకో జవాబు: తిరిగి బిగించేటప్పుడు మరలకు లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు) గ్రీజు రాయండి.