అప్‌లింక్ బ్యాండ్‌విడ్త్‌ను అందరికీ సమానంగా పంచడం సబబేనా?

ప్రశ్న: ఎం.టెక్. విద్యార్థి, గుంటూరు

దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి దిగువన ఒకే సెల్ పరిధిలో ఎందరో ఒక్కసారిగా వీడియోలు పంపే సందర్భాన్ని ఊహించుకుని, ఎల్‌టీఈ (4జీ) అప్‌లింక్ (ఫోను నుంచి టవరుకు వెళ్ళే ప్రసారం) మీద ప్రాజెక్టు చేస్తున్నాను. 10 మెగాహెర్ట్జ్‌లో ఉండే 50 రిసోర్స్ బ్లాకులను (ఫోన్లకు పంచే ఫ్రీక్వెన్సీ ముక్కలను) ప్రతి మిల్లీసెకనులోనూ పదిమందికి ఐదేసి చొప్పున ఇచ్చినప్పుడు, టవరుకు దూరంగా ఉన్నవారి వేగం చాలా తక్కువగా వచ్చింది. వారికి అన్యాయం జరుగుతోందని మరిన్ని బ్లాకులు ఇచ్చి చూస్తే, వారి వేగం పెరగలేదు సరికదా, సెల్ మొత్తం సామర్థ్యం పడిపోయింది. తప్పు సిమ్యులేషన్‌దా, నా పంపకానిదా?

జవాబు: రేడియో ఇంజినీరు, విజయవాడ

సిమ్యులేషన్ నిజమే చెబుతోంది. సాధారణ ఫోను గరిష్ఠ ప్రసారశక్తి సుమారు 200 మిల్లీవాట్లు. ఎన్ని బ్లాకులు ఇచ్చినా ఆ శక్తి పెరగదు, వాటన్నిటి మీదా పలచబడుతుంది. రెండు బ్లాకులైతే ఒక్కోదానికి 100 మిల్లీవాట్లు దక్కుతాయి, యాభై అయితే నాలుగే. కాలువలో నీటిమట్టం లేనప్పుడు తూము వెడల్పు చేస్తే చివరి చేనుకు నీరు పెరగదని మన డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ పనికొచ్చేది వంతు. అంచున ఉన్న ఫోనుకు ఒకేసారి ఎక్కువ బ్లాకులు ఇచ్చే బదులు, కొద్ది బ్లాకులనే ఎక్కువ మిల్లీసెకన్లలో ఇవ్వండి; ప్రతి వంతులోనూ అది పూర్తి శక్తితో పంపగలదు కనుక వేగం నిజంగా పెరుగుతుంది. ఏ ఫోనులో ఎంత శక్తి మిగిలిందో పవర్ హెడ్‌రూమ్ రిపోర్టు ద్వారా బేస్ స్టేషనుకు తెలుస్తూనే ఉంటుంది. దానిని చూడకుండా బ్లాకులు పంచడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

జవాబు: అధ్యాపకుడు, విజయవాడ

పై మాటతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేర్చుతాను. ఎల్‌టీఈ ప్రమాణాల 8వ విడుదలలో (రిలీజ్ 8) అప్‌లింక్ ఎస్‌సీ-ఎఫ్‌డీఎంఏ (ఒకే క్యారియర్‌లా పంపే) పద్ధతిలో నడుస్తుంది కాబట్టి, ఒక ఫోనుకు ఇచ్చే బ్లాకులు పక్కపక్కనే ఉండాలి. రెండు ముక్కలుగా ఇచ్చే వీలు 10వ విడుదలలో వచ్చింది. ఈ నిబంధన పాటిస్తూ ప్రపోర్షనల్ ఫెయిర్ (వేగాన్నీ న్యాయాన్నీ కలిపి తూచే) కొలమానంతో అత్యుత్తమ పంపకాన్ని వెతకడం ఎన్‌పీ-హార్డ్ సమస్య (త్వరగా కచ్చితంగా పరిష్కరించే పద్ధతి తెలియనిది), ఇక గడువేమో ఒక్క మిల్లీసెకను. అందువల్ల ఎవరి ప్రస్తుత వేగానికీ ఇప్పటిదాకా దక్కిన సగటు వేగానికీ నిష్పత్తి ఎక్కువో వారితో మొదలుపెట్టి, హెడ్‌రూమ్ అనుమతించినంత వరకే పక్క బ్లాకులకు విస్తరించే పద్ధతిని ప్రయత్నించండి. బఫర్ స్టేటస్ రిపోర్టును (ఫోనులో పంపాల్సిన డేటా ఎంత ఉందో చెప్పేదాన్ని) కూడా లెక్కలోకి తీసుకోవాలి. పంపడానికేమీ లేని ఫోనుకు ఇచ్చిన బ్లాకు వృథాయే.

విద్యార్థి: ధన్యవాదాలండీ. అంచు ఫోన్లకు రెండేసి బ్లాకులు, ఎక్కువ వంతులు ఇచ్చి మళ్ళీ నడిపాను. వారి వేగం పెరిగింది. మిగిలిన బ్లాకులు దగ్గరివారికి చేరడంతో సెల్ సామర్థ్యమూ కోలుకుంది. పక్కపక్కన ఉండాలన్న నిబంధనను ఇంకా చేర్చలేదు, ఈ వారం ఆ పని మీదే కూర్చుంటాను.