తురుపు చేత నుండ... మొదటి అక్షరం తు-నా, తి-నా?

వలసరవాక్కం:
మా పక్కింటి మలయాళీ కుటుంబం ఆదివారాలు మాకు ఇరవై ఎనిమిది ఆట నేర్పుతోంది. ఇంట్లో అందరికీ రమ్మీ వచ్చు, మామూలు తురుపాటా వచ్చు. అయినా ఇది చేతికి అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది. పేకలో ఏడు నుంచి ఆసు దాకా 32 ముక్కలే ఉంచాలి. జాకీకి 3 పాయింట్లు, తొమ్మిదికి 2, ఆసుకూ పదికీ ఒక్కొక్కటి. రాజుకీ రాణికీ ఏమీ లేదు. మొదట నాలుగు ముక్కలు చూసుకుని పాట పాడాలి, అంటే ఎన్ని పాయింట్లు తెస్తామో వేలంలా చెప్పాలి. పాట నెగ్గినవాళ్లు ఒక ముక్కను బోర్లా పెట్టి తురుపును, అంటే మిగతా వాటిని కొట్టే గుర్తును, దాస్తారు. ఆడిన గుర్తు చేతిలో లేనివాళ్లు "తురుపు చూపించండి" అని అడిగేదాకా అది ఏ గుర్తో మిగతావాళ్లకు తెలియదు. నిన్న అలా అడగబోతుంటే, గూడూరులో మా నాయనమ్మ పేక పంచుతూ అనే పాదం గుర్తొచ్చింది.

తురుపు చేత నుండ తిరిపె మేల

మిగతా మూడు పాదాలు ఎవరికైనా తెలుసా?

మైలాపూరు:
ఆటవెలది పద్యంలో సరిపాదం, రెండోదో నాలుగోదో. అయిదూ మూడు మాత్రల సూర్యగణాలే, నడక బాగుంది. యతి దగ్గరే, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరాల్సిన చోటే, ఇబ్బంది. నాలుగో గణం తి-తో మొదలైంది, పాదం తు-తో. ఉకారానికీ ఇకారానికీ స్వరమైత్రి లేదు. మీ నాయనమ్మగారు "తిరుపు" అని ఉంటారు, మీరు పేక ధ్యాసలో తురుపు చేసుకున్నారు. తిరుపు అంటే తిప్పడం. పాచికలు తిప్పి వేసే నేర్పు చేతిలో ఉన్నవాడికి అడుక్కోవడం దేనికని భావం. పేక రాకముందు పద్యమని నా నమ్మకం.

బందరు (ఇప్పుడు అంబత్తూరు):
ఆటవెలదికి ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం, చెల్లుతుంది కదండీ. తురుపులో రెండో అక్షరం రు, తిరిపెలో రి. వాటి ముందు రెండుచోట్లా లఘువే, పొట్టి అక్షరమే. ఇంతకంటే ఏం కావాలి? తురుపే. పైగా ఆ మాట మా రేవులో దిగిందే. డచ్చివాళ్లు దాన్ని ట్రూఫ్ అంటారు. మన కళావరు వాళ్ల క్లావర్, మన ఆఠీను వాళ్ల హార్టెన్. ఇంగ్లీషు ట్రంప్‌లోనూ పోర్చుగీసు ట్రున్ఫోలోనూ అనునాసికం ఉంది. మన తురుపులో సున్న ఎక్కడ? వాటి నుంచి వచ్చి ఉంటే తురుంపు అనేవాళ్లం.

పెరంబూరు:
బందరు దాకా ఎందుకు, మన చెన్నై దగ్గరే పులికాట్ ఉంది. 1613లో డచ్చివాళ్లు అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. తమిళంలోనూ తురుప్పుచ్చీట్టు అనే అంటారు, అందులోనూ సున్న లేదు. ఇంకొకటి: డచ్చివాళ్ల క్లావర్‌యాస్ ఆటలో తురుపు గుర్తుకు జాకీ పెద్దది, తర్వాత తొమ్మిది. ఇరవై ఎనిమిదిలో పై రెండు ముక్కలూ అవే. ఆట, మాట ఒకే ఓడలో వచ్చాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మైలాపూరు:
హిందీలో తురుప్ ఉంది. అటునుంచి రాలేదని ఎలా చెబుతారు? ప్రాసయతి చెల్లదని నేను అనలేదు. పాదం చదివి చూడండి, తి-తో ఎత్తుకుంటే నాలుక ఎంత హాయిగా నాలుగో గణం మీద దిగుతుందో.

టీ నగర్:
మీరు తు దగ్గర ఆగిపోయారు, నాకు తిరిపె దగ్గరే మనసు ఆగింది. ఆ మాట వింటే శ్రీనాథుడు కాక ఇంకెవరు గుర్తొస్తారు? "తిరిపెమునకిద్దరాండ్రా" అని శివుణ్ణి నిలదీసి, గంగను వదలమన్నాడు. నీళ్లు లేని పల్నాటి కోసం అడిగాడంటారు. కండలేరు నుంచి చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి తెలుగుగంగ నీళ్లు వచ్చాయని విన్నప్పుడల్లా నాకు ఆ చాటువే మెదులుతుంది. అడుక్కునేవాడి మీద అంత చనువుగా, అంత ప్రేమగా పద్యం చెప్పడం ఆయనకే చెల్లింది. ఈ పాదం రాసినవారికి ఆ చాటువు నోటికి వచ్చి ఉంటుంది, సందేహం లేదు.

బందరు (ఇప్పుడు అంబత్తూరు):
ఆ చాటువు కందం. కందంలో ప్రాసయతి కుదరదు కాబట్టి ఆ పోలిక ఇక్కడ పనికిరాదు.

టీ నగర్:
నేను పోల్చింది ఛందస్సును కాదండీ, మాటను.

వలసరవాక్కం:
ఇప్పుడే గూడూరుకు ఫోన్ చేశాను. నాయనమ్మ దగ్గర పేక నేర్చుకున్నది మా మేనత్త ఒక్కతే. పాదం అడగ్గానే తడుముకోకుండా చెప్పింది. తురుపు అనలేదు, తిరుపు అనలేదు. "తొరుపు చేత నుండ" అంది. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ తొరుపే. మిగతా పాదాలు ఆమెకూ రావు.

బందరు (ఇప్పుడు అంబత్తూరు):
తొరుపు అయినా రెండో అక్షరం రు-నే. ప్రాసయతి నిలిచింది.

మైలాపూరు:
అత్తయ్యగారిని తిరుపు అని ఒకసారి చదవమనండి. ఆవిడ చెవి ఏమంటుందో వినాలని ఉంది.