సమస్యాపూరణం: గారు లేని పేరె గౌరవమ్ము

నిర్వాహకుని మాట

కవిమిత్రులకు నమస్కారములు. ఈనాటి సమస్య, అనగా మీరు మిగిలిన పాదాలు వ్రాసి పద్యంగా పూరించవలసినది, ఆటవెలది ఛందస్సులో నాలుగవ పాదము. పెద్దల పేరును 'గారు' చేర్చకుండా పలికితే మందలింపు తప్పని ఇండ్లలో పెరిగిన మనకు ఈ పాదం తలక్రిందులుగా తోచడం సహజమే. పూరించే ముందు ఒక్క సంగతి గమనించ మనవి. మర్యాద అన్న మాటకు మొదటి అర్థం హద్దు. గౌరవమన్న మాట గురుశబ్దం నుండి పుట్టింది కనుక దానిలో ఉన్నది బరువు. 'గారు' మర్యాదకు గుర్తు. సమస్య అడుగుతున్నది గౌరవాన్ని.

పూరణ 1: ఓరుగల్లు మిత్రులు

అన్న యనెడి మాట యందె కలిసియుండ
పోతన యనినపుడె పూజ జరుగు
వేఱు మాట యేల విశ్వవంద్యునకింక
గారు లేని పేరె గౌరవమ్ము

నిర్వాహకుడు: అయ్యా, మీ పూరణ మనోహరంగా ఉన్నది. పోతనలో, తిక్కనలో 'అన్న', త్యాగయ్యలో 'అయ్య' పేరులోనే కరిగిపోయాయి కనుక వాటిపై మరొక గౌరవపదం నిలవదు. 'పోతన భాగవతం రచించాడు' అని ఏకవచనంలో వ్రాసినా చదివేవారికి లోటు కనిపించదు. అయితే మొదటి పాదంలో 'మాట యందె' అన్నప్పుడు 'మాటలోనే' అనే అర్థం ముందుగా తగిలి అన్వయం తడబడుతున్నది. 'అన్న యనెడి పిలుపె యందు కలిసియుండ' అంటే సరిపోతుంది.

పూరణ 2: విజయవాడ సోదరి

రామ రమ్ము నీవు రక్షింపు మనుచునే
వేడుచుందురెల్ల వేళ జనులు
దేవు నట్లు పిలుచు తెలుగు నాలుక మీద
గారు లేని పేరె గౌరవమ్ము

రాజమండ్రి మిత్రులు: అమ్మా, పద్యధార బాగున్నది గాని ఒక సందేహం. గుడిలో మనం స్వామివారు, అమ్మవారు అనే అంటాము. తిరుమల వేంకటేశ్వరుడు అందరికీ శ్రీవారే. అక్కడ 'వారు' ఉన్నది కదా?

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. ఊరేగింపు వేళను, నైవేద్యం సంగతిని చెప్పుకొనేటప్పుడు స్వామివారు అంటాము. ఆ చెప్పిన మనిషే గర్భగుడి ముందు చేతులు జోడించగానే 'నీవే దిక్కు' అంటాడు, 'మీరే దిక్కు' అనడు. స్వామిని గురించి చెప్పే మాట వేరు, స్వామితో చెప్పే మాట వేరు. సోదరి 'పిలుచు' అన్న ఒక్క క్రియతో ఆ భేదాన్ని కాపాడుకున్నారు. అభినందనలు.

పూరణ 3: కడప మిత్రులు

ఎదుటివారి కిమ్ము యెంతైన మన్నన
తనను దాను చెప్పు తరుణమందు
వినయ మొకటె చాలు వేఱేమి వలయును
గారు లేని పేరె గౌరవమ్ము

నిర్వాహకుడు: నాకు అన్నిటికంటె నచ్చిన భావమిది. తన పేరుకు తానే 'గారు' తగిలించుకోరాదన్న నియమం మన నిత్యవ్యవహారంలో ఎంత గట్టిగా ఉన్నా, సమస్యలో దానిని చూడగలగడం మీకే చెల్లింది. సంధి మాత్రం తప్పింది. ఉత్తునకు (ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం కనుక 'ఇమ్ము + ఎంతైన' అన్నది 'ఇమ్మెంతైన' అవుతుంది, యడాగమం (నడుమ 'య' చేరడం) రాదు. అలా కలిపితే గణాలు చెడుతాయి. 'ఒసగుము' వాడి చూడండి.

కడప మిత్రులు: అయ్యా, ధన్యవాదములు. ఈ భావం మా తాతగారి ఉత్తరాల నుండి వచ్చింది. అవతలి వారి పేరుకు ముందు మ.రా.రా.శ్రీ (మహారాజరాజశ్రీ) అని, వెనుక గారికి అని, చిరునామా స్థలమంతా నిండేలా వ్రాసేవారు. అదే ఉత్తరం వెనుక, పంపినవారి చోట, తమ పేరు మాత్రం శ్రీ కూడా లేకుండా చిన్న అక్షరాలతో ఉండేది. సవరించిన పాదం:

ఎదుటివారి కొసగు మెంతైన మన్నన