ఇంట్లో చేసిన బీరు పులియడం అయిపోయిందని ఎప్పుడు నమ్మాలి?

ప్లేనో_కొత్తబ్రూ:
అందరికీ నమస్కారం. నాది రెండో బ్యాచ్. 5 గ్యాలన్ల పేల్ ఏల్, మొదటి గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే సాంద్రత, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ దిగుతుంది) 1.052, ఈస్ట్ యూఎస్-05. మొదటి మూడు రోజులు ఎయిర్‌లాక్ (గ్యాస్ బయటికి పోయే మూత గొట్టం) బుడబుడమంటూనే ఉంది, ఐదో రోజుకి ఆగిపోయింది, సరే అయిపోయిందనుకుని సీసాలు కూడా కడిగి పెట్టుకున్నాను. నిన్న, అంటే పదకొండో రోజు, మళ్లీ నిమిషానికో బుడగ వస్తోంది. శనివారం సీసాల్లో పోసేద్దామనుకున్నా, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. అయిపోయినట్టా, కానట్టా?

గోదారోడు_ఆస్టిన్:
తమ్ముడూ, శనివారం సంగతి మర్చిపో. నా మూడో బ్యాచ్‌కి రెసిపీలో రెండు వారాలని రాసుంది, పద్నాలుగో రోజు చూస్తే 1.020, గడువు అయిపోయింది కదా అని సీసాల్లో పోసేశాను. 1.012 దాకా దిగాల్సిన బీరు అది. మూడో వారం రాత్రి క్లోజెట్‌లో ఒకటి పేలింది, మేం లేచి వెళ్లేలోపు ఇంకో రెండు. గాజు ముక్క ఎదురు గోడలో వేలి గోరంత లోతు దిగిపోయి ఉంది, ఆ కిందే పిల్లల స్కూల్ బూట్లు. మిగతా సీసాల మీద తడి దుప్పటి కప్పి, మందం జాకెట్, కళ్లకి సేఫ్టీ అద్దాలు పెట్టుకుని ఒక్కోటీ ఫ్రిజ్‌లోకి చేర్చాను. చల్లబడ్డాక ఒత్తిడి తగ్గింది, అప్పుడు మూతలు తీశాను. ఒక్కో పాయింట్ (గ్రావిటీలో 0.001) మిగిలితే దాదాపు సగం వాల్యూమ్ గ్యాస్, అంటే బీరు పరిమాణంలో సగమంత, అదనంగా పుడుతుంది. ఎనిమిది పాయింట్లంటే నాలుగు వాల్యూమ్‌లు, అది కాక సీసాలో గ్యాస్ పట్టడానికి మనం వేసే చక్కెర. మామూలు బీరు సీసా తట్టుకునే ఒత్తిడి కాదది.

ఎడిసన్_బాబాయ్:
ఎయిర్‌లాక్‌ని నమ్మొద్దు అబ్బాయ్. నా పాత బకెట్ మూత ఒక పక్క సరిగ్గా బిగుసుకోదు, గ్యాసంతా అటే పోతుంది, ఒక్క బుడగ రాకుండానే బీరు తయారైపోయిన రోజులున్నాయి. ఇల్లు వేడెక్కితే బీరులో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి, అంతా అయిపోయాక కూడా బుడగలొస్తాయి. ఇడ్లీ పిండి పొంగి దిగినట్టే పైన నురుగు కూడా పొంగి దిగుతుంది, దిగిందంటే జోరు తగ్గిందని మాత్రమే అర్థం. ఈ మధ్య ఏసీ ఏమైనా ఆపావా?

ప్లేనో_కొత్తబ్రూ:
అవును బాబాయ్, ఊరెళ్తూ ఏసీ 80 ఫారన్‌హీట్‌కి పెట్టి వెళ్లాం! ఇప్పుడే హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే తేలే గాజు గొట్టం) వేసి చూశా, 1.016.

ల్యాబ్_అక్క:
ఆ 1.016 ఎలా చూశావన్నది కూడా ముఖ్యమే. ముందు హైడ్రోమీటర్‌ని మంచినీళ్లలో వేసి 1.000 చూపిస్తోందో లేదో చూసుకో. మనకి ఇక్కడ దొరికేవి చాలావరకు 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తయారుచేసినవి, శాంపిల్ 80 దగ్గరుంటే రెండు పాయింట్లు కలుపుకోవాలి. శాంపిల్‌ని రెండు గ్లాసుల మధ్య నాలుగైదు సార్లు తిరగబోసి గ్యాస్ పోగొట్టు, లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌కి అంటుకుని పైకి లేపుతాయి. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగడాన్ని బట్టి చక్కెర కొలిచేది) వాడేవాళ్లు ఆల్కహాల్ ఉన్నప్పుడు అది తప్పు చూపిస్తుందని గుర్తుంచుకుని లెక్క సరిచేసుకోవాలి. చూసిన శాంపిల్ మళ్లీ బకెట్‌లో పోయకు, రుచి చూసి పారబోసెయ్. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చూడు, అంకె కదలకూడదు.

మిన్నెసోటా_చలి:
అక్కా, అంకె కదలకపోతే చాలదు, అది దిగాల్సిన చోటికి దిగిందా అన్నది కూడా చూడాలి. జనవరిలో మా బేస్‌మెంట్‌లో 58 డిగ్రీలు, వారంలో మూడుసార్లు చూశాను, మూడుసార్లూ 1.022. అయిపోయిందనే అనుకున్నా. నిజానికి ఈస్ట్ చలికి పడుకుంది. బకెట్ పైకి తెచ్చి 70 దగ్గర పెట్టి, మూత తీయకుండా మెల్లగా ఊపితే మళ్లీ మొదలై వారానికి 1.013కి దిగింది. యూఎస్-05 మామూలుగా చక్కెరలో 80 శాతం దాకా తినేస్తుంది కాబట్టి తమ్ముడి 1.052 బీరు 1.010, 1.011 దగ్గర ఆగాలి. 1.016 అంటే ఇంకా పని మిగిలుంది.

హాప్స్_పిచ్చి:
డ్రై హాప్ (వాసన కోసం బకెట్‌లో వేసే హాప్ పూలు) వేశావా? వేస్తే ఇంకో నాలుగు రోజులు ఆగు. హాప్స్‌లో ఉండే ఎంజైములు, ఈస్ట్ తినలేక వదిలేసిన పిండి పదార్థాన్ని ముక్కలు చేసి దానికే అందిస్తాయి, ఆగిన బీరు మళ్లీ కదులుతుంది. సేజాన్ అనే బెల్జియన్ రకం బీరుకి వాడే కొన్ని ఈస్ట్‌లైతే ఆ పని సొంతంగానే చేసుకుంటూ వారాల తరబడి మెల్లగా దిగుతాయి, వాటికి మూడు రోజుల లెక్క అసలు చాలదు.

ప్లేనో_కొత్తబ్రూ:
డ్రై హాప్ వేయలేదు. మీరు చెప్పినట్టే రాసిపెట్టుకున్నా: గురువారం 1.016, ఆదివారం 1.013, బుధవారం 1.011, శనివారం 1.011. మొదట్లో శాంపిల్‌లో వెన్న పాప్‌కార్న్ వాసన కొద్దిగా ఉండేది, ఇప్పుడు లేదు.

ల్యాబ్_అక్క:
అది డయాసిటైల్, పులిసేటప్పుడు పుట్టే వెన్న వాసన పదార్థం. చివర్లో ఈస్టే దాన్ని తినేస్తుంది, అందుకే అంకె ఆగాక కూడా రెండు రోజులు వదిలేయమనేది. అనుమానంగా ఉంటే కొంచెం బీరు గ్లాసులో మూతపెట్టి వేడినీళ్లలో ఓ అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడు. వెన్న వాసన రాకపోతే సీసాల్లో పోసెయ్. 5 గ్యాలన్లకి 120 గ్రాముల కార్న్ షుగర్, కప్పుతో కాదు, త్రాసు మీద తూచి.

గోదారోడు_ఆస్టిన్:
ఒక్కటి మాత్రం ప్లాస్టిక్ సోడా బాటిల్‌లో పొయ్యి తమ్ముడూ. రోజూ నొక్కి చూడు, గట్టిపడుతుంటే గ్యాస్ పట్టినట్టే. రాయిలా అయిపోతే మాత్రం అన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి తోసెయ్.

ప్లేనో_కొత్తబ్రూ:
48 సీసాలు, ఒక ప్లాస్టిక్ బాటిల్. ఇవాళ ఆరో రోజు, నొక్కితే కొత్త కోక్ బాటిల్ అంత గట్టిగా ఉంది. అయినా సీసాలన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి గరాజ్ పక్క గదిలోకి మార్చాను, అక్కడికి పిల్లలు వెళ్లరు.